బంగ్లాదేశ్ హిందువులు షాబాగ్‌లో కూర్చుని అడిగింది అసలేంటి?

ఏలూరు_శిరీష

అందరికీ నమస్కారం. గ్రూప్-1 మెయిన్స్‌కి చదువుతున్నాను. ఇరుగుపొరుగు దేశాల మీద నోట్స్ రాసుకుంటూ బంగ్లాదేశ్ దగ్గర ఆగిపోయాను. 2024 ఆగస్టు 5న షేక్ హసీనా దేశం వదిలి వెళ్ళిపోవడం, 8న ముహమ్మద్ యూనస్ తాత్కాలిక ప్రభుత్వం రావడం, ఇదంతా తెలుసు. ఆ వారంలోనే ఢాకా షాబాగ్ కూడలిలో వేల మంది హిందువులు రోడ్డు మీద కూర్చున్నారని, తర్వాత అవి ఎనిమిది డిమాండ్లు అయ్యాయని ఒకచోట ఒక్క లైను కనిపించింది. ఆ ఎనిమిదీ ఏంటో తెలుగులో ఎంత వెతికినా దొరకలేదు. మన టీవీలు మంటలు చూపించాయి గానీ వాళ్ళు నోరు తెరిచి ఏం అడిగారో చెప్పలేదు.

మా బాబాయి అక్కడ ఒక్క హిందువూ మిగల్లేదన్నట్టు రోజుకో వీడియో పంపుతాడు. మా హాస్టల్ రూమ్మేట్ ఏమో అన్నీ ఫేకే అంటుంది. ఇద్దరితోనూ వాదించే ఓపిక నాకు లేదు. అక్కడ ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.

గోదారి_గట్టు

అడిగితే ఇచ్చేవాళ్ళయితే అసలు దాడులెందుకు జరుగుతాయమ్మా. డిమాండ్లు అవీ పరీక్షలో రాసుకోవడానికే. ఆ గొడవంతా దేనికి, వాళ్ళందర్నీ ఇక్కడికి రమ్మంటే సరిపోయేది.

కటింగ్_టేబుల్

శిరీష గారూ, మాది చీరాల. గార్మెంట్ ఫ్యాక్టరీల్లో క్వాలిటీ చూసే ఉద్యోగం. తిరుప్పూరులో కొన్నాళ్ళు చేసి ఢాకా వెళ్ళాను. ఊరికి ఉత్తరపు కొసన ఎయిర్‌పోర్టు దాటాక ఉత్తరా అని పెద్ద పేట, అక్కడ ఉండేవాణ్ణి. ఆ జులై, ఆగస్టు నెలల్లో అక్కడే ఉన్నాను. కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక సంగతి తెలియాలి. ఆగస్టు 5 మధ్యాహ్నం తర్వాత ఊళ్ళో పోలీసు అనేవాడు లేడు. దేశం మొత్తమ్మీద నాలుగు వందల పైచిలుకు ఠాణాల మీద జనం పడ్డారు. అంతకుముందు నెలంతా ఉద్యమం చేసిన పిల్లల మీద కాల్చింది వాళ్ళే కదా, ఆ కోపం. ఉన్న పోలీసులు సమ్మె అన్నారు. ట్రాఫిక్ కాలేజీ పిల్లలు నడిపారు. రాత్రయితే దోపిడీ దొంగలు వస్తున్నారని మసీదు మైకుల్లో హెచ్చరికలు. మా వీధి మగవాళ్ళంతా కర్రలు పట్టుకుని గస్తీ తిరిగారు. నా చేతిలో ఎవరో క్రికెట్ బ్యాటు పెట్టి గేటు దగ్గర నిలబడమన్నారు. రాజధానిలోనే ఇలా ఉంటే పల్లెటూళ్ళ సంగతి ఊహించుకోండి. ఎవడికి ఎవడి మీద పగ ఉన్నా, ఎవడి పొలం మీద కన్నున్నా, అడిగే నాథుడు లేని రోజులవి.

మా కటింగ్ సెక్షన్ ఇన్‌చార్జి హిందువు. లాల్‌మొనిర్‌హాట్ జిల్లా మనిషి, మన కూచ్ బిహార్‌కి ఆనుకుని ఉంటుంది. ఫ్యాక్టరీలో అందరూ దాదా, అంటే అన్న, అంటారు. 5వ తేదీ రాత్రి వాళ్ళ ఊరి బజార్లో అతని మేనమామ కిరాణా కొట్టు షట్టర్ విరగ్గొట్టారు. బియ్యం బస్తాలు, ఫ్రిజ్, ఆఖరికి కాటా కూడా మోసుకుపోయారు. ఆ మేనమామ హసీనా పార్టీ అవామీ లీగ్ వార్డు కమిటీలో పేరుకి మెంబరు. వాళ్ళ ఇంటి వెనక చేపల చెరువు మీద పక్కవాడికి ఎప్పట్నించో ఆశ. ఇప్పుడు దీన్ని ఏమంటారు? రాజకీయ దాడా, మత దాడా, ఆస్తి తగాదానా? నేనిదే అడిగితే దాదా విసుక్కున్నాడు. "పేరు ఏది పెడితే ఏం, కేసు రాసేవాడు లేడుగా" అన్నాడు.

షాబాగ్ డిమాండ్లన్నిటికీ మూలం ఇక్కడుంది. మొదట ఆగస్టు 9, 10 తేదీల్లో కూర్చున్నప్పుడు నాలుగే అడిగారు: మైనారిటీలకి ఒక మంత్రిత్వ శాఖ, ఒక రక్షణ కమిషన్, దాడులు ఆపడానికి గట్టి చట్టం, పార్లమెంటులో 10 శాతం సీట్లు. తర్వాత అవి ఎనిమిది అయ్యాయి, సీట్ల మాట ఆ జాబితాలోంచి జారిపోయింది. ఎనిమిదింటిలో మొదటిది మైనారిటీల మీద దాడుల కేసులకి ఫాస్ట్‌ట్రాక్ ట్రిబ్యునల్, బాధితులకి నష్టపరిహారం, పునరావాసం. ముందు అడిగిన మైనారిటీ రక్షణ చట్టం, మంత్రిత్వ శాఖ ఈ జాబితాలోనూ ఉన్నాయి. హిందూ ధార్మిక సంక్షేమ ట్రస్టుని ఫౌండేషన్‌గా మార్చమన్నారు, బౌద్ధ, క్రైస్తవ ట్రస్టుల్ని కూడా. అక్కడ ఇస్లామిక్ ఫౌండేషన్ 1975 నుంచీ ఉంది, హిందువుల ట్రస్టు 1983లో వచ్చింది. బడ్జెట్‌లోనూ హోదాలోనూ ఆ రెంటికీ పొంతన లేదని వాళ్ళ బాధ. సంస్కృతం, బౌద్ధుల పాళీ భాష నేర్పే విద్యా బోర్డుని బాగుచేయాలి, కాలేజీల్లో, హాస్టళ్ళలో మైనారిటీ పిల్లలకి ప్రార్థనకి చోటు ఇవ్వాలి, ఇవి ఇంకో రెండు. దుర్గా పూజకి ఐదు రోజుల సెలవు ఒకటి. పండగ ఐదు రోజులు, అప్పటిదాకా సెలవు దశమి ఒక్కరోజే ఉండేది. ఆ అక్టోబర్‌లో ప్రభుత్వం 10వ తేదీ గురువారం కూడా సెలవిచ్చింది. అక్కడ శుక్ర, శనివారాలు వారాంతం కాబట్టి ఆదివారం దశమితో కలిసి నాలుగు రోజులైంది. మా ఫ్యాక్టరీలో మాత్రం షిప్‌మెంట్ ఉందని శనివారం పిలిచారు, అది వేరే కథ.

మిగిలింది ఆస్తుల డిమాండు. పరీక్షకి మీరు బాగా చదవాల్సింది ఇదే. 1965 యుద్ధమప్పుడు పాకిస్తాన్ ప్రభుత్వం ఇండియాకి వెళ్ళినవాళ్ళ భూములు శత్రువు ఆస్తి అని రాసేసుకుంది. బంగ్లాదేశ్ పుట్టాక 1974లో ఆ ఆస్తుల్ని ప్రభుత్వానికి దఖలు పరిచారు. బోర్డు మారింది గానీ భూములు తిరిగి రాలేదు. అన్నదమ్ముల్లో ఒకడు కలకత్తా వెళ్తే చాలు, ఊళ్ళోనే ఉన్నవాడి వాటా కూడా ఆ లెక్కలో పడిపోయేది. 2001లో తిరిగి ఇచ్చే చట్టం చేశారు, 2011లో సవరించి రెండు జాబితాలు అచ్చేశారు. 'క' జాబితాలో ప్రభుత్వం చేతిలో ఉన్నవి, 'ఖ' జాబితాలో ప్రైవేటు మనుషుల చేతిలో ఉన్నవి. ఈ రెండోదానితో గందరగోళం ముదిరి 2013లో దాన్ని రద్దు చేశారు. మొదటి జాబితా కోసం జనం ఇంకా ట్రిబ్యునళ్ళ చుట్టూ తిరుగుతున్నారు. మన దగ్గర ఇనాం భూములు, దేవాదాయ భూముల గొడవలు చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. దాన్తోపాటే దేవోత్తర్ భూములు, అంటే గుడి మాన్యాలు, కబ్జాల నుంచి విడిపించే చట్టం కావాలన్నారు.

జాబితా మొత్తం చూస్తే ఇది ఎమ్మార్వో ఆఫీసులో, కోర్టులో, సెక్రటేరియట్‌లో తేలాల్సిన సరుకు. పారిపోవాలనుకునేవాళ్ళు పాళీ బోర్డు బాగుచేయమని అడగరు. గోదారి గట్టు గారూ, రమ్మంటే సరిపోయేది అన్నారు గదా. లాల్‌మొనిర్‌హాట్ సరిహద్దు కంచె దగ్గర ఆ వారం వందల మంది గుమిగూడిన మాట నిజమే, బీఎస్ఎఫ్ ఆపేసింది. షాబాగ్‌లో మాత్రం వాళ్ళు అరిచిన నినాదం ఈ దేశం మాది, ఎక్కడికీ పోము అని. మా దాదా కూడా వెళ్ళి కూర్చున్నాడు. గొంతు పోయి మర్నాడు డ్యూటీలో సైగలతో పని చేయించాడు.

నల్గొండ_సయ్యద్

కటింగ్ టేబుల్ అన్న బాగా రాసిండు. నేను ఒక ముచ్చట కలుపుత. అక్కడ దెబ్బ తిన్నది హిందువులు ఒక్కరే కాదు. ఆగస్టు 5 నాడే పంచగఢ్ దగ్గర అహ్మదీయుల ఇండ్ల మీద పడ్డరు, వాళ్ళు తమని ముస్లింలమే అనుకునే చిన్న శాఖ. తర్వాత నెలల్లో మజార్లు, అంటే దర్గాలు, కూలగొట్టుడు మొదలైంది. 2025 జనవరిలో పోలీసులే చెప్పిన లెక్క, 40 మజార్ల మీద 44 దాడులు. మా దిక్కు జాన్‌పహాడ్ సైదులు దర్గాకు హిందువులు, ముస్లింలు అందరు పోయి మొక్కుతరు. అసొంటి దర్గాలు బంగ్లాదేశ్‌ల ఊరూరా ఉంటయి. వాటిని కూలగొట్టినోళ్ళు ముస్లింలే, ఏడ్చినోళ్ళు ముస్లింలే. ఇది ఏ చానల్‌ల రాలే.

ఇంకోటి. ఆ రోజుల్ల మదర్సా పిల్లలు గుళ్ళ ముందట రాత్రంతా కూసోని కాపలా కాసిన్రు. ఫొటోలు వచ్చినయ్. దాడులు కప్పిపెట్టనీకి చెప్తలేను, రెండూ అయినయ్.

గోదారి_గట్టు

కాపలా కాయాల్సి వచ్చిందంటేనే పరిస్థితి ఎలా ఉందో తెలుస్తోంది కదా సయ్యద్ గారూ. సరే. మనవాళ్ళ మీద దాడులు జరుగుతుంటే మనం నోరు మూసుకుని కూర్చోవాలా? అక్కడి మైనారిటీల కౌన్సిలే రెండు వేల దాడులు అంది. వాళ్ళ ప్రభుత్వమేమో అన్నీ రాజకీయాలే అంది.

కటింగ్_టేబుల్

నోరు మూసుకోమని నేను అనలేదండీ. మీరు చెప్పిన లెక్క సరైనదే. హిందూ బౌద్ధ క్రైస్తవ ఐక్య పరిషత్ ఆగస్టు 4 నుంచి 20 దాకా 2,010 ఘటనలు, 9 మంది హత్య, 69 ప్రార్థనా స్థలాల మీద దాడులు అని చెప్పింది. ప్రథమ్ ఆలో పేపరు సొంతంగా విలేకరుల్ని పంపి 5 నుంచి 20 వరకు 1,068 ఇళ్ళు, దుకాణాల మీద దాడులు జరిగాయని రాసింది. 2025 జనవరిలో పోలీసులు 1,769 ఆరోపణల్లో 1,415 పరిశీలించామని, వాటిలో 1,234 రాజకీయమైనవని, 20 మతపరమైనవని, 161 అబద్ధమని చెప్పారు.

ఈ పోలీసు లెక్కని ప్రభుత్వం చాలా ధీమాగా చదివింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. రాజకీయమైతే కొట్టు దోచుకోవచ్చా? ఏ సెక్షన్‌లో ఉంది అది? కారణం ఏదైనా నేరం నేరమే, అందుకేగా వాళ్ళు మొట్టమొదట ట్రిబ్యునల్ అడిగింది. ఆగస్టు 5 నుంచి అక్టోబర్ 22 మధ్య మైనారిటీల మీద దాడుల విషయంలో 88 కేసులు, 70 అరెస్టులు అని ప్రభుత్వమే డిసెంబర్‌లో చెప్పింది. పై అంకెల్లో ఏది తీసుకున్నా దీని పక్కన పెట్టి చూడండి.

ఇక మన సంగతి. ఆ వారం క్రికెటర్ లిటన్ దాస్ ఇల్లు తగలబెట్టారని మన ఫోన్లలో వీడియో తిరిగింది. కాలింది నడాయిల్‌లో మష్రఫే మొర్తజా ఇల్లు. ఆయనా క్రికెటరే, మాజీ కెప్టెన్, ముస్లిం, అప్పటి అవామీ లీగ్ ఎంపీ. చిట్టగాంగ్‌లో నవగ్రహ గుడి తగలబడిందన్నారు, తగలబడింది గుడి వెనకున్న అవామీ లీగ్ ఆఫీసు. ఇలాంటివి బయటపడ్డ ప్రతిసారీ అక్కడి పేపర్లు, టీవీలు 'చూశారా, అంతా ఇండియా ప్రచారం' అని మొదలెట్టేవి, నిజంగా కాలిన ఇళ్ళు ఆ గోలలో కలిసిపోయేవి. క్యాంటీన్‌లో ఒక కుర్రాడు ఫోన్ పట్టుకొచ్చి దాదా ముందు పెట్టాడు, "మీ వాళ్ళ వార్తలు చూడండి" అని. "మీ వాళ్ళు" అంటే మేము, ఇండియావాళ్ళం. దాదా నా వైపు చూసిన చూపు బాగాలేదు.

అక్టోబర్ 25న చిట్టగాంగ్ లాల్‌దీఘీ మైదానంలో ఈ ఎనిమిది డిమాండ్ల మీదే పెద్ద సభ పెట్టారు. ఆ సభ గురించి చర్చ డిమాండ్ల మీద జరగాలి. జరిగింది జెండా మీద. జాతీయ జెండా కంటే పైన కాషాయ జెండా కట్టారని దేశద్రోహం కేసు పెట్టారు. ఆ సభ నాయకుడు, హిందూ సన్యాసి చిన్మయ్ కృష్ణదాస్‌ని నవంబర్ 25న ఢాకా ఎయిర్‌పోర్టులో పట్టుకున్నారు. మర్నాడు చిట్టగాంగ్ కోర్టు బెయిలివ్వలేదు, బయట కొట్లాటలో సైఫుల్ ఇస్లాం అలీఫ్ అనే లాయర్ని నరికి చంపారు. ఇటు డిసెంబర్ 2న అగర్తలాలో మనవాళ్ళు బంగ్లాదేశ్ దౌత్య కార్యాలయంలోకి చొరబడి వాళ్ళ జెండా లాగేశారు. ఆ తర్వాత రెండు దేశాల్లోనూ జెండాల సంగతే. చెరువు, మాన్యం, ట్రిబ్యునల్ ఎవడికీ గుర్తులేవు.

గొంతెత్తాలంటే ఎత్తండి. వాళ్ళు అడిగినదాన్నే ఎత్తండి: ఎన్ని కేసులు నమోదయ్యాయి, ఎన్ని విచారణకొచ్చాయి, ఎన్ని ఎకరాలు తిరిగిచ్చారు. దీనికి జవాబు చెప్పకుండా ఏ ప్రభుత్వమూ తప్పించుకోలేదు, ఇండియా ప్రచారం అని కొట్టిపారేయలేదు.

ఇచ్ఛాపురం_రైలు

ఈ చర్చలో మన తెలుగువాళ్ళ మాట రాకపోతే బాగోదు. ఢాకా జాత్రాబాడీ దగ్గర ధోల్‌పూర్‌లో తెలుగు కాలనీ ఉంది. బ్రిటిష్ వాళ్ళ కాలంలో మన ఉత్తరాంధ్ర వైపు నుంచి పారిశుద్ధ్య పనికి, సిల్హెట్ తేయాకు తోటలకి తీసుకెళ్ళినవాళ్ళ సంతానం. తరాలు గడిచినా కార్పొరేషన్ చీపురు చేతిలోంచి దిగలేదు. కొందరు హిందువులు, కొందరు క్రైస్తవులు. ఇంట్లో తెలుగే, బడిలో బంగ్లా.

2023 ఫిబ్రవరిలో, అంటే హసీనా హయాంలోనే, అక్కడ వంద దాటిన తెలుగు కుటుంబాలని ఖాళీ చేయమన్నారు. తాతముత్తాతల నుంచి ఉన్నా చేతిలో పట్టా లేదు. 2024 జులైలో కాల్పులు బాగా జరిగిన చోట్లలో జాత్రాబాడీ ఒకటి. ఆ కాలనీ మధ్యలో పడి నలిగింది. ఎనిమిది డిమాండ్లు మంచివే గానీ, పట్టా లేనివాడికి తిరిగిచ్చే ఆస్తి ఏముంటుంది? గుడి భూములున్న హిందువు వేరు, చీపురు పట్టిన హిందువు వేరు. ఈ కుటుంబాలకి కావాల్సింది నిలబడ్డ నేల మీద హక్కు, కార్పొరేషన్‌లో పర్మనెంట్ ఉద్యోగం. ఆ ముక్క ఎవరి జాబితాలోనూ గట్టిగా కనపడలేదు నాకు.

ఏలూరు_శిరీష

అందరికీ థాంక్స్. ధోల్‌పూర్ సంగతి నేను వినడం ఇదే మొదటిసారి. కటింగ్ టేబుల్ అన్నా, ఇంకో రెండు అడుగుతాను. 10 శాతం సీట్లు ఎందుకు వదిలేశారు? రాజ్యాంగంలోంచి సెక్యులరిజం తీసేస్తున్నారని విన్నాను, అది ఎంతవరకు వచ్చింది?

కటింగ్_టేబుల్

ముందు ఇచ్ఛాపురం అన్నకి. మీ మాటకి ఎదురు చెప్పలేను. మా ఫ్యాక్టరీ ఊడ్చేవాళ్ళని నేను రోజూ చూసేవాణ్ణి. దాదాతో సహా మాలో ఎవరూ వాళ్ళతో కలిసి కూర్చుని తినరు. షాబాగ్‌కి రమ్మని వాళ్ళని ఎవరైనా పిలిచారా అంటే, మా ఫ్యాక్టరీలో అయితే పిలవలేదు.

శిరీష గారూ, సీట్ల సంగతి. ఎందుకు వదిలారో వాళ్ళు చెప్పింది నేను వినలేదు, నా అభిప్రాయం చెప్తాను. అక్కడ ఆడవాళ్ళకి 50 రిజర్వుడు సీట్లున్నాయి. వాటికి జనం ఓటెయ్యరు, పార్టీలు గెలిచిన సీట్ల లెక్కన పంచుకుంటాయి. అలా వచ్చినవాళ్ళు ఇంకెవరి మాట వింటారు? మైనారిటీ సీట్లు కూడా అదే దారిలో పోతే ప్రతి పార్టీ తలా ఒక దాదాని తెచ్చి ముందు వరసలో కూర్చోబెడుతుంది, అక్కడితో సరి. అందుకే నాకు ఆ డిమాండు మీద పెద్ద మోజు లేదు. మంత్రిత్వ శాఖ మీద కూడా అంతే. ట్రిబ్యునల్, భూమి, ఈ రెండూ దక్కితే మిగతా ఆరూ మెల్లగా అడగొచ్చు.

సంస్కరణలకి యూనస్ ప్రభుత్వం 11 కమిషన్లు వేసింది. పోలీసు, న్యాయం, ఎన్నికలు, మహిళలు, కార్మికులు, మీడియా, ఇలా. మైనారిటీల పేరిట ఒక్కటీ లేదు. అలీ రియాజ్ నాయకత్వంలో రాజ్యాంగ కమిషన్ 2025 జనవరి 15న ఇచ్చిన నివేదికలో సెక్యులరిజం తీసేసి సమానత్వం, మానవ గౌరవం, సామాజిక న్యాయం, బహుళత్వం, ప్రజాస్వామ్యం పెట్టమంది. 1988లో అప్పటి పాలకుడు ఎర్షాద్ పెట్టిన రాజ్యమతం, అంటే ఇస్లాం, మాత్రం అలాగే ఉంచమంది. 2011లో హసీనా సెక్యులరిజాన్ని తిరిగి తెచ్చినప్పుడూ రాజ్యమతాన్ని ముట్టుకోలేదు, అదీ రాయండి.

ప్రభుత్వ ఉద్యోగాల కోటా సంగతి కూడా మర్చిపోకండి, హసీనాని దించిన ఉద్యమం మొదలైంది దాని మీదే కాబట్టి. 2018లో రద్దు కాకముందు ఆదివాసీ జాతులకి ఉద్యోగాల్లో 5 శాతం ఉండేది. 2024 జులై 21న సుప్రీంకోర్టు తీర్పుతో అది 1 శాతమైంది. సెప్టెంబర్‌లో ఖాగ్రాఛడీ కొండల్లో గొడవలై ఆదివాసీలు చనిపోయారు. ఆ ఏడాది చిట్టగాంగ్ కొండల బౌద్ధ భిక్షువులు, భిక్షువులకి వస్త్రాలిచ్చే కఠిన చీవర దానం పండగ చేయబోమని ప్రకటించారు. షాబాగ్ గురించి రాసేవాళ్ళు కొండల వైపు చూడరు, మీరు చూడండి.

జనాభా లెక్కలు వేస్తే ఇవి వేయండి: తూర్పు బెంగాల్‌లో హిందువులు 1951లో 22 శాతం, 1974లో 13.5, 2022లో 7.95. ఇదంతా ఒక పార్టీ నెత్తిన రుద్దకండి. 2001 ఎన్నికల్లో హసీనా ప్రత్యర్థి పార్టీలు బీఎన్‌పీ, జమాత్ గెలిచాక హిందువుల ఊళ్ళ మీద పడ్డారు. 2012లో రామూ అనే ఊళ్ళో బౌద్ధ విహారాలు కాలింది, 2021 దుర్గా పూజలో కుమిల్లా నుంచి మొదలై మండపాలు కూలింది హసీనా హయాంలోనే. మీ బాబాయి ఏమైనా పంపితే తారీఖు, జిల్లా పేరు అడగండి. ఆ రెండూ ఉంటే ఇక్కడ పెట్టండి, నాకు బెంగాలీ చదవడం వచ్చు, అక్కడి పేపర్లో ఏమొచ్చిందో చూసి చెప్తాను.